రాహుకాలంలో ఏడ్చిన పెళ్లికొడుకు

మా నాయనకు అల్లుడు కుదరడం కంటే దేశానికి ప్రభుత్వం కుదరడం తేలికని ఆ రోజుల్లో అనుకునేదాన్ని. మాది కమలాపురం. నాయన బజారులో వేరుశనగ విత్తనాలు అమ్మేవాడు. గింజను పంటి కింద వేసి కొరికి, మంచిదో పుచ్చుదో చెప్పేసేవాడు. నన్ను చూడటానికి వచ్చిన అబ్బాయిలనూ దాదాపు అట్లాగే చూసేవాడు. ఒకడు చేతికి కడియం వేసుకున్నాడని వద్దన్నాడు. ఒకడు కూర్చుని కాలు ఊపుతున్నాడని వద్దన్నాడు. ఇంకొకడిలో ఏ లోపమూ దొరక్కపోతే, మరీ మర్యాదగా ఉన్నాడు, నమ్మడానికి లేదన్నాడు.

నాకు అప్పటికి ఇరవై ఆరు దాటింది. ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల తన శుభలేఖ తెచ్చి "తప్పకుండా రావల్ల టీచర్" అంది. వెళ్లాను, నవ్వుతూ భోంచేశాను, ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. ఈసారి వచ్చే కర్నూలు సంబంధం కూడా తప్పిపోతే ఇక ఎవరి ముందూ పట్టుచీర కట్టుకుని కూర్చోనని చెప్పేశాను. అమ్మ భయపడింది. భయపడాల్సిందే, నేను ఉత్తుత్తిగా అనలేదు.

కర్నూలు వాళ్లు ఆదివారం నాలుగింటికల్లా రావాలి. దారిలో జీపు టైరు పంక్చరై, తీరా గుమ్మంలోకి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. అంతసేపూ పిల్లను బయటికి తీసుకురాకూడదు. నేను పట్టుచీరలో వంటింట్లో, పెళ్లికొడుకు ఇస్త్రీ చొక్కాలో హాల్లో, మధ్యలో రాహువు.

మగవాళ్లు వానల గురించి మాట్లాడుకున్నారు. మా సీమలో ఆ సంగతి తొందరగా అయిపోతుంది. తర్వాత వేరుశనగ ధర మాట్లాడుకున్నారు, కర్నూల్లో వాళ్ల బట్టల అంగడి గురించి మాట్లాడుకున్నారు. ఇంక ఏమీ మిగల్లేదు. అప్పుడు నాయన లేచి టీవీ పెట్టాడు.

ప్రతి ఆదివారం ఆ వేళకు ఒక పాత యుద్ధం సీరియల్ తెలుగులోకి మార్చి మళ్లీ వేసేవాళ్లు. సరిహద్దులో కొండ మీద కొద్దిమంది సైనికులు, వాళ్ల దగ్గరికి వారానికొక కొత్త మనిషి వస్తాడు. వచ్చినవాడు సాధారణంగా ఆ వారమే చచ్చిపోతాడు. మా ఇంట్లో దానికున్న మర్యాద సత్యనారాయణ వ్రతానికి కూడా లేదు. ఆ వారం వచ్చింది సినిమాల్లో విలన్ వేషాలకు పేరుబడ్డ నటుడు. ఆయన కనుబొమ్మ ఎత్తితే సినిమా హాల్లో పిల్లలు ఏడ్చేవాళ్లు.

"ఈయప్ప ఈ ఒక్క వారానికే వచ్చినాడప్పా. సుబేదారు వేషం. చూడాల్సిందే," అన్నాడు నాయన, ఆ సీరియల్ తానే తీసినట్టు.

పిన్నమ్మ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తీసుకెళ్లి పెట్టింది. నేను కర్టెన్ పక్క సందులోంచి చూస్తున్నాను. పెళ్లికొడుకును చూడకూడదు గానీ టీవీ చూడకూడదని ఏ పంతులూ చెప్పలేదు.

ఆ సుబేదారు పరమ మొండివాడు. తవ్విన కందకాన్నే మళ్లీ తవ్వించాడు. అందరికంటే ఎక్కువగా వంట సిపాయిని పీడించాడు. వాడి బూటు లేసు ఎప్పుడూ ఊడిపోయి ఉండేది, సుబేదారు కనబడ్డప్పుడల్లా దాని మీద తిట్లు. చివరికి శత్రువు పైకి వస్తుంటే అందరినీ కిందికి పంపేసి తానొక్కడే ఉండిపోయాడు. వంట సిపాయి మాట వినక వెనక్కొచ్చాడు. అప్పటికే సుబేదారు కడుపులో గుండు దిగి ఉంది. వాడిని తిడతాడనుకున్నాం. తిట్టలేదు. "నా లేసు ఊడింది. చెయ్యి అందడం లేదు. కట్టు," అన్నాడు. వాడు కట్టి తలెత్తేసరికి ఆయన లేడు.

అప్పుడు మా హాలు చూడాల్సింది. నాయన చటుక్కున లేచి "వైరు లూజున్నట్టుండాది" అంటూ టీవీ వెనక్కి పోయాడు. బొమ్మ చక్కగానే ఉంది. మా చిన్నాయనకు చెయ్యి కడుక్కోవాలని గుర్తొచ్చింది. పెళ్లికొడుకు తండ్రి ప్లేటులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి మగవాళ్లందరికీ పనులు పడ్డాయి. పెళ్లికొడుకు ఒక్కడే బజ్జీ చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడం కూడా లేదు. నిజం చెప్పాలంటే నాకు మొదట నవ్వొచ్చింది.

వాళ్ల నాయన కొడుకును చూసి కంగారుపడ్డాడు. "బజ్జీ కారం తగిలినట్టుండాది మావోనికి," అన్నాడు.

పాపం, పెద్దాయన కాపాడబోయి నిండా ముంచాడు. మా నాయన టీవీ వెనకనుంచి తల బయటికి పెట్టాడు. "కర్నూలోనికి మిరపకాయ బజ్జీ కారమా?" అన్నాడు. మా వైపు మగవాడికి ఏ వంక ఉన్నా సర్దుకుంటారు గానీ కారం తినలేనివాడికి పిల్లనెవరిస్తారు? సంబంధం పోయిందనుకున్నాను. నా నవ్వు కూడా పోయింది.

పెళ్లికొడుకు పిన్నమ్మను ఇంకో రెండు బజ్జీలు అడిగాడు. గింజలతో సహా నమిలి తిన్నాడు. కన్ను చెమ్మగిల్లలేదు. నీళ్లు కూడా తాగకుండా, "కారమేం లేదు. నేను ఆ సుబేదారుకు ఏడ్చినా," అన్నాడు.

ఆరు దాటాక నన్ను తీసుకెళ్లి చాప మీద కూర్చోబెట్టారు. ఏమైనా అడుగుతావా అని అందరూ ఆయన్ని బతిమాలితే, "మీరూ చూసినారా?" అని అడిగాడు. చూశానన్నాను. అంతే మా మాటలు. వాళ్లు పోయేటప్పుడు, మాకు ఇష్టమే, మీ మాటే తరువాయి అని చెప్పి జీపెక్కారు.

జీపు మలుపు తిరిగిందో లేదో నాయన తీర్పు చెప్పేశాడు. "టీవీలో మనిషి చస్తే ఏడ్చేటోడు, రేపు సంసారంలో కష్టమొస్తే ఏం నిలబడతాడు? వద్దు."

"నాయనా, నువ్వూ ఏడ్చినావు," అన్నాను.

"నేనా? వైరు లూజైతే..."

"వైరుకేం కాలేదు. నువ్వు లేసి పక్కకు పోయి ఏడ్చినావు, ఆయప్ప కూచోని ఏడ్చినాడు. అవ్వ పోయిన దినం కూడా నువ్వు లేసి గోడౌన్లోకి పోయినావు. అమ్మ ఒక్కతే శవం కాడ కూచోనుండె. నాకు లేసి పక్కకు పోయే మనిషి వద్దు నాయనా."

మా ఇంట్లో నాయనతో అంతవరకు అట్లా ఎవరూ మాట్లాడలేదు. అమ్మ నన్ను కసురుకుంటుందనుకున్నాను. ఎంగిలి ప్లేట్లు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది, కళ్ల నిండా నీళ్లు. నాయన ఆమెను చూశాడు. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించాడు. ఇంక లేచి గోడౌనుకు పోతాడనుకున్నాను.

లేవలేదు. "కర్నూలుకు ఫోన్ చెయ్యి," అన్నాడు అమ్మతో.

అమ్మ ప్లేట్లు కింద పెట్టి, వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఫోన్ నేనే చేశాను.