కత్తెర తగలని దుప్పటి

"నిజం చెప్పు కనకక్కా. నువ్వు దొంగవా, పిచ్చిదానివా?"

"రెండూ కాదు సార్. టైలర్‌ను," అంది కనకలక్ష్మి.

అడిగినవాడు హోటల్ సెక్యూరిటీ ఆఫీసర్ నరేందర్. జవాబు చెబుతున్నప్పుడు ఆమె అతని వంక చూడలేదు. సిబ్బంది గేటు పక్కన కుర్చీలో ప్రియదర్శిని కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో మూడు నెలల పాప, పాప చుట్టూ తెల్లటి మెత్తని గుడ్డ. ఆ గుడ్డ అంచు మడతలో వేపాకంత పట్టీ ఒకటి దాక్కుని ఉంది. గొడవంతా దాని గురించే.

కనకలక్ష్మిది చందానగర్. అక్కడి బజారులో జాకెట్లు కుట్టే కొట్టులో పని నేర్చుకుంది. రాయదుర్గంలో ఈ హోటల్ తెరిచిన ఏడాదే టైలర్‌గా చేరింది. నేలమాళిగలో దుప్పట్లు, తువ్వాళ్లు, యూనిఫారాలు పెట్టే లినెన్ రూమ్‌లో ఒక మూల ఆమె మిషను. ఊడిన గుండీలు కుట్టడం, కొత్తగా చేరిన కుర్రాళ్ల ప్యాంట్లు పొట్టి చేయడం, పాతబడిన మేనేజర్ల ప్యాంట్లు వదులు చేయడం ఆమె పని. ఎవరి పొట్ట ఎంత పెరిగిందో వాళ్ల భార్యల కన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. ఎవరికీ చెప్పదు.

జీతంలోకి రాని పని ఇంకొకటి ఉండేది. హోటల్లో పనిచేసే ఆడవాళ్లలో ఎవరికి నెలలు నిండినా వాళ్లకు పొత్తిగుడ్డలు ఆమే ఇచ్చేది. పుట్టిన బిడ్డకు కొత్త బట్ట వేయరు, పాతబడ్డ గుడ్డలో చుడతారు. ఇందులో దిష్టినీ దేవుణ్నీ వెతకనక్కర్లేదు. కొత్త గుడ్డ పసి ఒంటిని గీస్తుంది, అంతే. ఏళ్ల తరబడి ఉతికిన హోటల్ దుప్పటిని మించిన మెత్తని గుడ్డ హైదరాబాద్‌లో దొరకదు. పనికిరాని దుప్పట్లను మేనేజర్లు ఆమె ముందు పడేసేవాళ్లు, ఆమె చేత్తో చింపేది. పసిబిడ్డ మొదటి గుడ్డకు కత్తెర గానీ సూది గానీ తగలకూడదని వాళ్లమ్మ చెప్పింది. దీనికి మాత్రం కారణమేమీ లేదు. అమ్మ చెప్పింది, ఈమె విన్నది.

తర్వాత ట్యాగులు వచ్చాయి. ప్రతి దుప్పటి అంచులో ఒక పట్టీ కుట్టారు. ఏ దుప్పటి ఎక్కడుందో, ఎన్నిసార్లు ఉతికారో కంప్యూటర్‌కు తెలుస్తుందన్నారు. ఇక దుప్పటి ఎప్పుడు పాతబడిందో చెప్పేది కూడా కంప్యూటరే. అది పాతదన్న దుప్పట్లను మూటకట్టి పాతబట్టల వ్యాపారికి అమ్మేస్తారు. ట్యాగుల కంపెనీ మనిషి వచ్చి ట్యాగులు చదివే ఒక గన్‌తో దుప్పట్ల కట్టను గురిచూసి నొక్కి చూపించాడు. అది కీచుకీచుమంది. తలుపుల మీద బిగించిన తెల్లటి పలకల గురించి కూడా ఏదో ఇంగ్లీషులో చెప్పాడు గానీ అప్పటికే భోజనాల వేళయింది. ఆ పలకలు ఏనాడూ చప్పుడు చేయలేదు. అందుకని కనకలక్ష్మి అవి వైఫై డబ్బాలనుకుంది. గన్ పట్టుకున్న మనిషి ఎదురుగా లేకపోతే ట్యాగు గుడ్డిదేనని ఆమె లెక్క.

ఎనిమిదో అంతస్తులో పక్కలు వేసే ప్రియదర్శినికి తొమ్మిదో నెల వచ్చేసరికి చింపడానికి దుప్పటి లేదు. కనకలక్ష్మి అరలోంచి ఒకటి తీసి చెంపకు ఆనించి చూసింది. వెన్నలా ఉంది. కంప్యూటర్ ఇంకా నలభై ఉతుకులు ఆగమంటోంది. ప్రియదర్శిని కడుపు ఆగేలా లేదు. దుప్పటి చింపింది. ట్యాగు తీయాలంటే కత్తెర పెట్టాలి కాబట్టి అలాగే వదిలేసింది.

తలుపు దాటే ప్రతి ట్యాగునూ చప్పుడు లేకుండా చదివేవి ఆ తెల్లటి పలకలే. సిబ్బంది గేటుకు అలాంటిది అప్పటికింకా రాలేదు. బిగించింది పోయిన నెలలోనే. ఈ మధ్యాహ్నం ప్రియదర్శిని పాపను అందరికీ చూపిద్దామని తెచ్చింది. గేటు దాటగానే నరేందర్ ముందున్న కంప్యూటర్ తెర ఎర్రబడింది.

"మూడు నెల్ల కింద పోయిన కింగ్ సైజ్ దుప్పటి లోపలికొచ్చిందని చూపిస్తుంది మేడం. వచ్చింది చూస్తే గీ పిల్ల!" అన్నాడు నరేందర్, పరుగున వచ్చిన హౌస్‌కీపింగ్ మేనేజర్ ఉమాశ్రీతో.

"అయితే రూమియ్యుండ్రి సార్, కింగ్ సైజ్‌దే," అంది ప్రియదర్శిని, భయంలో కూడా.

"నవ్వకు. గీ దుప్పటి ఆఖరుకు లినెన్ రూమ్ తలుపు దాటినట్టుంది. ఆడికెళ్లి బట్టలు లాండ్రీకి తీస్కపోయేది శ్రీను. పోయింది వాని చేతులనే అని లాండ్రీ కాంట్రాక్టర్ వాని జీతంల రెండు వేల రెండు వందలు కోసిండు."

శ్రీను జీతం కోసినట్టు కనకలక్ష్మికి తెలుసు. దుప్పట్లు పోతూనే ఉంటాయి, అదేదో వేరే దుప్పటి అనుకుంది. తనదాన్ని గన్ చూడలేదు కదా.

ఉమాశ్రీ ఆమెను పక్కకు పిలిచింది. "ఏమీ మాట్లాడకండి. గేటు మీది రీడర్ తప్పు చదివిందని రాసేస్తాను. అప్పుడప్పుడూ చదువుతుందండి. దొంగతనమని రాస్తే ఇవాళే ఉద్యోగం పోతుంది మీకు."

పోతే ఏమవుతుందో కనకలక్ష్మికి ఒకరు చెప్పనక్కర్లేదు. మోకాళ్లు పోయి భర్త రామన్న ఆటో అమ్మేశాడు. ఇంటి కిరాయి, దవాఖాన ఖర్చు ఈ మిషను మీదే నడుస్తున్నాయి.

"మరి శ్రీను పైసలు మేడం?"

"అది కాంట్రాక్టర్ గొడవండి. మనదెలా అవుతుంది?"

కనకలక్ష్మి చీర చెంగుతో మొహం తుడుచుకుని నరేందర్ దగ్గరికి వెళ్లింది. "రాస్కోండ్రి సార్. దుప్పటి నేనే చింపిన. శ్రీనుకేం తెల్వదు, ఈ పిల్లకూ తెల్వదు."

నరేందర్ పాప వంక ఒకసారి చూశాడు. ఇద్దరాడపిల్లల తండ్రి అతను. చివరికి రాశాడు. "ట్యాగు నాకియ్యాలె అక్కా. కత్తెర తెప్పిస్త."

"కత్తెరొద్దు సార్."

ఆమె ప్రియదర్శిని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పాప కాళ్ల దగ్గరి అంచును నోటితో అందుకుని కుట్టును పంటితో ఒక్కొక్కటే కొరికింది. నిద్రలోనే పాప కాలు ఆడించింది. బుజ్జి మడమ వచ్చి ఆమె ముక్కుకు తగిలింది. "తన్నమ్మా తన్ను, తన్నాల్సిందే నన్ను," అంది కనకలక్ష్మి, దారం ముక్క నోట్లో ఉండగానే. నరేందర్ తల తిప్పుకుని గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఉద్యోగం పోలేదు. ఆమె మంచితనం చూసి ఉంచుకున్నారని ఎవరైనా అంటే నమ్మకండి. పెళ్లిళ్ల రోజులు ముంచుకొస్తున్నాయి. అన్ని యూనిఫారాలు చూసుకునే టైలర్ ఒక్క రోజులో ఎక్కడ దొరుకుతుందని ఉమాశ్రీ అడిగేసరికి పైవాళ్లు దిగొచ్చారు. హెచ్చరిక కాగితం ఇచ్చి, దుప్పటి ధర ఆమె జీతంలో కోశారు. ఆ దుప్పటి కోసం కాంట్రాక్టర్ బిల్లులో కోసుకున్న డబ్బు అతనికి తిరిగి ఇచ్చేశారు.

కనకలక్ష్మి ఆ తర్వాత వచ్చిన జీతంలోంచి కొంత తీసి శ్రీను చేతిలో పెట్టబోయింది. అతను లాండ్రీ వ్యాన్ తలుపు వేస్తూ అన్నాడు: "నీ పైసలెందుకక్కా? ఫికర్ చెయ్యకు. నా పైసలు కాంట్రాక్టర్ దగ్గరున్నయి, ఆయన దగ్గరనే తీస్కుంట. నాకూ వచ్చే నెల బిడ్డ పుడుతుంది. గుడ్డ సంగతి మాత్రం జర చూడు."

రామన్న పాత పంచె ఒకటి ఇంట్లో ఉంది. ఆ రాత్రి ఆమె దాన్ని నానబెట్టింది.

కాంట్రాక్టర్ శ్రీనుకు ఇంకా రెండు వేల రెండు వందలు ఇవ్వాలి.