కింది సగం తెగిన కార్టూను

మొన్న మా అల్లుడు తన ఫోనుకు ఏవో నాలుగు మాటలు చెప్పాడో లేదో, కన్ను మూసి తెరిచేలోగా ఒక కార్టూను తయారై కూర్చుంది. అందులో ఉన్నది పాలమూరు రైతు అట! పట్టు తలపాగా చుట్టుకుని, కాళ్లకు బూట్లు తొడుక్కుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. "మీరు గిట్లనే గీస్తుండె గద మామా" అని అతను మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండింది. గద్వాలలో పిల్లలకు డ్రాయింగు చెప్పుకుంటూ, రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో ఒక పత్రిక జిల్లా పేజీకి బొమ్మలు వేసినవాణ్ణి నేను.

మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది, అప్పట్లో జిల్లా పేజీలో కార్టూనుకిచ్చే చోటు ఒక్క కాలమ్ వెడల్పు, జానెడు పొడవు. నల్ల ఇంకుతో గీసి, కవరులో పెట్టి, మహబూబ్‌నగర్ పోయే బస్సులో కండక్టరుకు అప్పగిస్తే, అక్కడి బస్టాండులో ఆఫీసు మనిషి అందుకునేవాడు. ఆ తర్వాత అంతా పేజీలు దిద్దే డెస్కు వాళ్ల దయ, మన ప్రాప్తం. పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటన ఒకటి వచ్చిందంటే నా బొమ్మ పక్కకు పోయేది, అడిగితే రేపు చూద్దాం సార్ అనేవారు, ఆ రేపటికి అది పాచిపోయేది.

ఒక యేడు వడ్డేపల్లిలో మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, కాలువను నమ్ముకుని పల్లి, అదే వేరుశనగ, వేశాడు. గేటు దగ్గర నీళ్లు వదిలారే గాని, కాలువ పై ఊళ్ల రైతులు మోటార్లు పెట్టి లాగేసుకోవడంతో కాలువ చివరనున్న అతని చేనుకు చుక్క చేరలేదు. ఒక్క తడి అందితే కాయ నిలుస్తుంది, లేకపోతే పంట పోయినట్టే. నీళ్లు వంతులవారీగా ఇవ్వాలా వద్దా తేల్చడానికి గద్వాలలో అధికారులు సమావేశం పెట్టారని విని, అతను మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"మేం మొత్తుకుంటే ఎవ్వడు ఇంటలేడు బావా. పేపర్ల బొమ్మొస్తే జర సూస్తరు, గీయి" అన్నాడు.

గీశాను. పైన గేటు దగ్గర దండ వేయించుకుంటున్న ఇంజనీరు, పొంగిపొర్లుతున్న కాలువ; ఆ కాలువే వంకలు తిరుగుతూ కిందికొచ్చేసరికి నెర్రెలు విచ్చి, అట్టడుగున చుక్క కోసం నోరు తెరుచుకుని నిలబడ్డ మా బావమరిది. "నీళ్లొచ్చాయి!" అని వ్యాఖ్య విడిగా చీటీ మీద రాసిచ్చాను, దాన్ని బొమ్మ కింద అచ్చు కూర్చుకునేది డెస్కువాళ్లే. నేను వేసినవాటిలో మంచిది అదేనని ఇప్పటికీ అంటాను.

విలేకరి ముఖ్యమైన సంగతంతా మొదట్లోనే రాస్తాడు కాబట్టి, చోటు చాలనప్పుడు వార్తను కింది నుంచి కోయడం డెస్కులో ఆచారం. ఆ రోజు కూడా ఎవరో నాయకుడి పుట్టినరోజు ముంచుకొచ్చింది. డెస్కులో కూర్చున్న మహానుభావుడెవరో వార్తలకు పెట్టినట్టే నా బొమ్మకూ కింది నుంచి కత్తెర పెట్టాడు. తెల్లవారి చూస్తే దండ, ఇంజనీరు, పొంగే కాలువ, వాటి కింద "నీళ్లొచ్చాయి!" రైతు లేడు! సమావేశంలో ఆ ఇంజనీరు పేపరు పైకెత్తి చూపించి, పత్రికలే మెచ్చుకుంటుంటే మీ గోలేమిటని అడిగాడట. ఎదురుగా నిలబడి మొరపెట్టుకుంటున్న రైతులను వదిలేసి, అందరూ ఆ బొమ్మనే నమ్మారు. వంతులు పెట్టలేదు, చేను ఎండిపోయింది.

"కాలువ నిండ నీళ్లు పెట్టి నన్ను తీసేస్తివి గద బావా" అన్నాడు మా బావమరిది. కొద్దిరోజులకే పెళ్లాం పిల్లలతో పుణెకు మట్టిపనికి పోయాడు. బొమ్మ వచ్చిన రోజే నేను డెస్కుకు ఫోన్ చేసి అరిస్తే, తెలియక జరిగింది సార్, రేపు సవరణ వేద్దాం అన్నారు. కార్టూనుకు సవరణ ఏమిటి, నా తలకాయ!

ఇప్పుడు కోసే డెస్కూ లేదు, చాలని చోటూ లేదు, ఎంత పొడుగు బొమ్మైనా ఫోనులో చెక్కుచెదరకుండా పోతుంది. పోయిన యాసంగిలో, అంటే రబీ పంటప్పుడు, పుణె నుంచి ఎప్పుడో తిరిగొచ్చి తల నెరిసిన మా బావమరిది, ఎండిన కాలువలో నిలబడి ఫోటో తీయించుకుని పంపితే, దాన్ని మా చుట్టాల గ్రూపులో పెట్టాను. అది నిజం ఫోటోనా, కంప్యూటరు చేసిందా అని చదువుకున్న పిల్లలంతా వాదించుకున్నారు. "అది నేనేనని జర జెప్పు బావా" అని అతను ఫోన్ చేశాడు. చెప్పాను, ఒకరిద్దరు నవ్వే బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. అచ్చులో పడితే చాలు సగం తెగిన బొమ్మనైనా నమ్మేసిన ఆ కాలాన్ని ఇన్నేళ్లూ తిట్టుకుంటూ వచ్చాను; ఇవాళ కాలువలో నిలబడ్డ మనిషినే నమ్మేవాళ్లు లేరు.