అక్క తగ్గిన బరువు

అక్క బరువు తగ్గుతోందని మొదట్లో అందరం సంతోషించాం. నంద్యాలలో ఆదివారం ఆరాధన ముగిసి, చర్చి బయట చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు ఆడవాళ్లు ఆమెను చుట్టుముట్టేవాళ్లు.

"ఏం తింటాండావక్కా? మాకూ చెప్పు."

"జొన్నరొట్టె తినేది, నడిచేది. అంతే."

అలా చెప్పి నా వైపు చూసి నవ్వేది. అప్పటికి నేనూ అవే రొట్టెలు తింటున్నాను, ఆమె కంటే ఎక్కువే నడుస్తున్నాను. నేను కిలో కూడా తగ్గలేదు.

మా ఇంట్లో మేమిద్దరమే ఆడపిల్లలం. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. నంద్యాలలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. నేను ఆళ్లగడ్డ బడిలో తెలుగు చెప్తాను. మా నాయన వైపు అందరివీ భారీ ఒళ్లు. అక్క మెట్లెక్కుతుంటే ఆ చప్పుడుకే హాస్టల్ పిల్లలు ఫోన్లు దాచేసేవాళ్లట. ఆ మాట ఆమే చెప్పి, ఆమే పడీపడీ నవ్వేది.

నా కాలేయానికి కొవ్వు పట్టిందనీ, అక్కకు షుగర్ వచ్చేలా ఉందనీ ఒకే డాక్టరు ఒకే రోజు చెప్పాడు. ఇద్దరినీ బరువు తగ్గమన్నాడు. బయటికి రాగానే అక్క బజారుకు పోయి ఒకే రకం కాటాలు రెండు కొని, ఒకటి నా సంచిలో పెట్టింది. "చూద్దాం మే, ఎవురు ముందు తగ్గుతారో" అంది. అప్పటినుంచి సోమవారం పొద్దున్నే ఆమె ఫోన్, ఇద్దరం మా అంకెలు చెప్పుకునేవాళ్లం. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు మానేశాం. నేను బడి వదిలాక ఊరి బయటి రోడ్డు మీద నడిచేదాన్ని. ఆమె హాస్టల్ డాబా మీద తిరిగేది.

ప్రతి వారం ఆమె అంకె దిగేది. నాది కదిలేది కాదు. ఒకరోజు కోపమొచ్చి నా కాటాను మంచం కిందికి తోసేశాను.

అది విని అక్కే నన్ను నంద్యాలలో ఒక చోటికి తీసుకుపోయింది. అక్కడ ఒక అమ్మాయి ఆడవాళ్లకు వ్యాయామాలు నేర్పిస్తుంది. ఫిజియోథెరపీ చదువుకున్న పిల్ల. ఆమె దగ్గర ఒక మిషన్ ఉంది. వట్టి పాదాలతో ఎక్కి, రెండు చేతులతో పిడులు పట్టుకుంటే, ఒంట్లో కొవ్వెంత, కండ ఎంత అని కాగితం మీద అచ్చేసి ఇస్తుంది. నన్ను ఎక్కించింది. తర్వాత టేపు తీసి, ఊపిరి వదలమని, బొడ్డు దగ్గర నడుం కొలిచింది. చేతులు, తొడలు కొలిచింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంది. ఊరికే వచ్చిన అక్కకు కూడా అవన్నీ చేసింది.

"ఈ మిషన్ చెప్పేది కూడా వేదవాక్కేం కాదు మేడమ్. నీళ్లెక్కువ తాగి ఎక్కినా అంకె మారుతుంది. ఒక్కసారి చూసి సంతోషమూ వద్దు, దిగులూ వద్దు. మళ్లీ రెండు నెలలకు, ఇదే వేళకు రండి. టేపు, కుర్చీ, మిషన్ మూడూ ఒకే మాట చెప్తే నమ్ముదాం" అంది.

రెండు నెలలయ్యాక పోయాం. నా బరువు మునుపటికంటే కాస్త తక్కువ, అంతే. నడుం మాత్రం బాగా తగ్గింది. కొవ్వు తగ్గి, కండ పెరిగిందని కాగితం చెప్పింది. కుర్చీలోంచి నేను చిన్నపిల్ల మాదిరి లేచాను. "పోయిన కొవ్వు బరువును వచ్చిన కండ పూడ్చేసింది మేడమ్. కాటాకు ఆ సంగతి తెలీదు" అని ఆ అమ్మాయి నవ్వింది. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ల నడక వృథా కాలేదు.

తర్వాత అక్క ఎక్కింది. అచ్చయిన కాగితాన్ని ఆ అమ్మాయి చాలాసేపు చూసింది. దిగి మళ్లీ ఎక్కమంది. టేపు తీసి చేతులు రెండుసార్లు కొలిచింది. నవ్వడం మానేసింది.

"ఆకలవుతుందా మేడమ్?"

"ఒక రొట్టె తినేసరికి కడుపు నిండిపోతాంది. అందుకే గదా తగ్గినా!"

"పొట్ట ఉబ్బరంగా ఉంటుందా?"

"గ్యాసు. మా ఇంట్లో అందరికీ ఉండేదే."

కుర్చీలోంచి లేవబోతూ అక్క మోకాళ్ల మీద చేతులు ఆనించింది. రెండోసారి కూడా అంతే. బరువు అంత తగ్గినా, తగ్గినదంతా చేతుల్లోంచీ తొడల్లోంచీ పోయిన కండేనట. నడుం కొలత మాత్రం పెరిగింది. చేతులు సన్నబడి పొట్ట పెరగడం మంచిది కాదని, ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకోమని ఆ అమ్మాయి మెల్లగా, గట్టిగా చెప్పింది.

బస్టాండుకు వస్తూ నేను అదే మాట ఎత్తాను. అక్క రోడ్డు మీదే ఆగిపోయింది.

"నువ్వు తగ్గలేదని నాకు రోగమంటాండావా?"

"నేను యాడంటిని అక్కా? ఒక్కసారి చూపించుకుంటే పోయేదేముంది?"

"పుట్టి బుద్ధెరిగినాక ఇప్పుడే మొదటిసారి, నన్ను చూసి బాగుండావని అంటాండారు. అది కూడా ఓర్చుకోలేకపోతివి."

ఆ మాట అనేసి ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత సోమవారం ఫోన్ రాలేదు. ఆ పై సోమవారం కూడా రాలేదు. బావకు చేస్తే, "బాగానే ఉంది కదమ్మా, చలాకీగా తిరుగుతాంది. నువ్వు ఊరికే భయపెట్టాకు" అన్నాడు. ఆయన మనసులోనూ ఏదో భయం ఉందని గొంతులో తెలిసింది. అయినా ఆమెకు ఎదురు చెప్పే మనిషి కాదు.

మామిళ్ల కాలం వచ్చింది. బనగానపల్లె పండ్లంటే అక్కకు ప్రాణం. కోపతాపాలు మరిచిపోతుందని ఒక బుట్ట తీసుకుని పోయాను. తలుపు తీసింది. చేతిలో బుట్ట చూసి మొహం పక్కకు తిప్పుకుంది. "వాసనకే వాంతొస్తాంది మే, ఆడ బయట పెట్టు" అంది. వంటింట్లో పీట మీద కూర్చుని లేవలేకపోయింది. నేను చంకల కింద చేతులు వేసి లేపాను. చేతుల్లో ఎముకలే తగిలాయి. పొట్ట మాత్రం డోలు మాదిరి బిగుసుకుని ఉంది. గోడ పట్టుకుని నిలబడి ఆమే అంది, "రేపు పోదాం పా."

కర్నూలులో స్కాన్ తీశారు. అండాశయంలో పుట్టిన క్యాన్సర్ పొట్టంతా పాకిందన్నారు. పొట్టలో ఉన్నది గ్యాసు కాదు, నీరు. సూదితో ఆ నీరు తీశారు. తీసినాక కాటా ఎక్కిస్తే ఒక్క పూటలో అక్క ఎన్నో కిలోలు తగ్గింది. నర్సు ఆ అంకె రాసుకుంటుంటే, "చూడు, ఇంత బేగా ఎవురన్నా తగ్గినారా?" అంది అక్క నాతో. నాకు నవ్వు రాలేదు. ఆమెకూ రాలేదు.

మందు ఎక్కించే ముందు ప్రతిసారీ తూచేవాళ్లు. ఇప్పుడు మాకు గ్రాము పెరిగినా పండగే. ఒకసారి రెండు కిలోలు పెరిగింది. అక్క మొహం వెలిగిపోయింది. బావ వెంటనే ఎవరికో ఫోన్ చేసి చెప్పాడు. డాక్టరు వచ్చి పొట్ట మీద వేళ్లు తట్టి చూసి, మళ్లీ నీరు చేరిందన్నాడు. ఆ తర్వాత మేం కాటా వైపు చూడటం మానేశాం. గిన్నెలో అంబలి ఎంత మిగిలింది, ఎవరూ పట్టుకోకుండా బాత్రూం దాకా పోగలిగిందా, దండం పెట్టుకునేటప్పుడు ప్రార్థన అయ్యేదాకా కూర్చోగలిగిందా, ఇవే చూసుకునేవాళ్లం. అవి కూడా ఒక్కొక్కటే పోయాయి.

నేను సెలవు పెట్టి ఆమె దగ్గరే ఉన్నాను. నడక లేదు, వేళకు తిండి లేదు. నా కాటా అప్పుడు కదిలింది. ఒకసారి బట్టల కోసం ఆళ్లగడ్డకు వస్తే, పక్కింటామె గేటు దగ్గర నిలబెట్టి, "నువ్వు కూడా మీ అక్క మాదిరే బాగా తగ్గినావే!" అంది మెచ్చుకోలుగా. ఆమెకు సంగతి తెలియదు. గేటు కమ్మీ పట్టుకుని, "ఆ, తగ్గినా" అన్నాను.

చివరి వారాల్లో అక్క మంచంలోంచి లేవలేదు. ఒక మధ్యాహ్నం నేను కాళ్లకు నూనె రాస్తుంటే నా ముంజేయి పట్టుకుని తడిమి చూసింది.

"నీ కండ కూడా పోతాందే."

"వస్తుందిలే అక్కా."

"ఆ కొలతలు తీసిన పిల్ల మంచిది మే. ఆ పొద్దు నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"ఏ మాట?" అన్నాను, తెలిసీ. ఆమె కళ్లు మూసుకుంది.

వానలు ముదిరాక పోయింది. సమాధి గుంటలోకి నీళ్లు ఊరుతుంటే ఎత్తిపోస్తూ పెట్టెను దించారు. పెట్టె మోసిన వాళ్లలో ఒకతను, తేలిగ్గా ఉందని పక్కవాడితో మెల్లగా అనడం నాకు వినిపించింది.

నెల తిరిగాక బావ రమ్మంటే పోయి ఆమె బట్టలు సర్దాను. బీరువా అడుగున కొత్త రవికలు మూడు ఉన్నాయి. అందరూ మెచ్చుకుంటున్న రోజుల్లో కుట్టించుకున్నట్టుంది. ఒకటి మాత్రమే తొడుక్కుంది, మిగతా రెండూ మడత విప్పలేదు. తిరగేసి చూస్తే లోపల కుట్టు పక్కన రెండు వేళ్ల వెడల్పున గుడ్డ మడిచి వదిలారు. "మళ్లీ లావైతే విప్పుకుంటుందంట, అట్లనే వదలమని దర్జీకి చెప్పింది" అన్నాడు బావ గుమ్మంలో నిలబడి.

వాటిని నేను తెచ్చుకున్నాను. ఆళ్లగడ్డలో కిటికీ పక్కన కూర్చుని బ్లేడుతో ఒక రవిక కుట్లు విప్పాను. చంకల దగ్గర బిగుతుగా ఉంది. అయినా తొడుక్కుని బడికి పోయాను.