డెల్బర్ట్ తలకిందుల ఇరుసు

డెల్బర్ట్ స్టోక్‌లీకి యాభై నాలుగేళ్లు. స్కూలు బస్సులు బాగుచెయ్యడం ఉద్యోగం. ఆ కెంటకీ కొండదారుల్లో పిల్లల్ని మోసే బస్సులన్నీ ముప్పై ఏళ్లుగా అతని చేతిమీదుగానే నడుస్తున్నాయి. ఒక్కటి కూడా నడిదారిలో మొండికేసిందన్న మాట లేదు. అతని సొంత బండి మాత్రం ఆరేళ్లయినా అవతలి కొసకి చేరిన పాపాన పోలేదు.

సొంత బండి అంటే బురద పందేల బండి. ఏటా ఆగస్టులో జిల్లా జాతరకి మూడువందల అడుగుల బాటని దున్ని, తడిపి, రెండేసి బండ్లని పక్కపక్కన నిలబెట్టి వదులుతారు. మొదటి ఏడు డెల్బర్ట్ బండి అసలు స్టార్టే కాలేదు. రెండో ఏడు నీళ్ల గొట్టం పగిలింది. మూడో ఏడు సగం దారిలో ముందు చక్రం ఊడి, దొర్లుకుంటూ పోయి అదొక్కటే గీత దాటింది. "చక్రం నెగ్గింది, మా బావ ఓడాడు" అని బావమరిది హొయ్ట్ ఇప్పటికీ పెళ్లిళ్లలో, చావుల్లో కూడా చెబుతూనే ఉంటాడు. హొయ్ట్‌ది కూడా పందెం బండే. అది ఏటా అవతలి కొసకి చేరుతుంది, అదీ ఆరు సెకన్లలో.

ఈ ఏడు వేసవి మొదట్లో, బీన్స్ గిన్నె బల్లమీద పెడుతూ డెల్బర్ట్ భార్య నోరీన్ మాట తేల్చేసింది.

"ఇదిగో, మా అన్న ఎదురుగానే చెబుతున్నా. ఈసారి ఆ బండి తన చక్రాల మీద తను అవతలికి చేరిందా, సరే. చేరలేదా, సోమవారం పొద్దున్నే పాత ఇనుం కొట్టుకి. కొట్టం నా మేకలకి."

"మేకలకి అంత కొట్టం ఎందుకే?"

"బండికెందుకయ్యా మరి? మేకలు పాలన్నా ఇస్తాయి."

హొయ్ట్ మొక్కజొన్న రొట్టె నముల్తూ, "బావా, నాకు తెలిసిన మేకలన్నీ నీ బండి కంటే జోరుగానే పరిగెడతాయి" అన్నాడు. డెల్బర్ట్ సరేనని చెయ్యి కలిపాడు. ఇద్దరు తోబుట్టువుల మధ్య చిక్కిన మగాడు ఇంకేం చేస్తాడు!

ఆ వేసవంతా కొట్టంలోనే కాపురం. ఇంజను చెత్త లారీది, సీటు పాత అంబులెన్సుది, చట్రం గొట్టాలు ఒక పాదిరిగారు గుడి వెనక నుంచి మోసుకొచ్చి ఇచ్చినవి. డబ్బిచ్చి కొన్నది తక్కువ, ఎవరో ఒకరు చేతిలో పెట్టిందే ఎక్కువ. టైర్ల గళ్లు వేడి బ్లేడుతో తనే లోతుగా కోసుకున్నాడు. ప్లగ్గులు విప్పి, మొన నల్లబడితే పెట్రోలు తగ్గించి, తెల్లబడితే పెంచి, చివరికి లేత గోధుమరంగు తేలేదాకా ఇంజనుని బుజ్జగించాడు. ఒక్క జబ్బు మాత్రం కుదరలేదు. నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పే బండి అది. ఇంజను నుంచి వెనక ఇరుసుని తిప్పడానికి వెళ్లే షాఫ్టు కడ్డీ మరీ ఏటవాలుగా ఉండి, ఇంజను జోరందుకుంటే బండంతా మలేరియా జ్వరం పట్టినట్టు వణికేది.

జాతర ముందు సాయంత్రం అతనికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వెనక ఇరుసుని విప్పి, తలకిందులు చేసి బిగిస్తే షాఫ్టు తిన్నగా వస్తుంది! బిగించాడు. వచ్చింది. స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. మురిసిపోయి, నడిపి చూడకుండానే బండిని గొలుసుతో ట్రెయిలరు మీదికి లాక్కున్నాడు. జాతరలోనూ ట్రాక్టరే లాక్కెళ్లి గీత దగ్గర నిలబెట్టింది.

ఒక్కో బండికి రెండు పరుగులు. పచ్చదీపం వెలిగింది. డెల్బర్ట్ గేరు వేసి తొక్కాడు. ఇంజను గర్జించింది. బండి కదల్లేదు. ముందు చక్రాలు ముందుకి, వెనక చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి. అందరి బండ్లూ వెనకున్నవాళ్ల మీద బురద కొడతాయి. ఇది మాత్రం రెండు వైపుల నుంచీ తన మీదే కొట్టుకుంది. జెండా ఊపి ఆపేసరికి సీట్లో మనిషి బదులు రెండు కళ్లున్న మట్టిముద్ద కూర్చుని ఉంది.

"ఇరుసు తిప్పేశావా బావా?" అన్నాడు హొయ్ట్ పరిగెత్తుకొచ్చి. మట్టిముద్ద తలూపింది. తలకిందులు చేస్తే చక్రాలు ఎదురు తిరుగుతాయని బస్సుల మెకానిక్కుకి తెలియదా? తెలుసు. ఆ సంగతి తెలిసీ జీవితంలో ఒక్కసారన్నా ఆ పని చెయ్యని బండివాడు ఆ జిల్లాలో లేడు. చేసినవాడెవడూ ఒప్పుకోడు, అంతే.

హొయ్ట్ నవ్వాడు. కూర్చుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని లేచి, "జాకీ తెండిరా" అని కేకేశాడు. నలుగురు వచ్చారు. ఆ నలుగురూ అవతలి బండ్లవాళ్లే. పక్కవాడి బండి చెడి కూర్చుంటే వచ్చే గెలుపు అక్కడ ఎవరికీ రుచించదు. కానీ ఇరుసు విప్పి బిగించడానికి రెండు గంటలు కావాలి. రెండో పరుగు ముప్పావుగంటలో ఉంది.

"సోమవారం..." అన్నాడు డెల్బర్ట్, నిమ్మరసం గ్లాసు తెచ్చిన భార్య మొహంలోకి చూడలేక.

నోరీన్ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "వెనక చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి, అంతేనా?"

"అంతే."

"మరి రివర్సు గేరేస్తే ముందుకి తిరుగుతాయిగా?"

ఆరుగురు మెకానిక్కులు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

"ముందు చక్రాలో?" అన్నాడు ఒకడు బింకంగా.

"వాటి షాఫ్టు విప్పేస్తే సరి" అన్నాడు హొయ్ట్, అప్పటికే ఇస్త్రీ చొక్కాతో బండి కిందికి దూరుతూ. "నాలుగు బోల్టులు. ఏం చెల్లెమ్మా, నీ మేకలు పోతాయే మరి!"

"నాకు మేకలు కావాలి. ఈయన పరువు అక్కర్లేదని ఎవరన్నారు?"

డెల్బర్ట్ మొహం పక్కకి తిప్పి కళ్లు తుడుచుకున్నాడు. బురదే అని అతనంటాడు.

రెండో పరుగులో జత హొయ్టే. అతను ఆరు సెకన్లలో వెళ్లిపోయి, బండి దిగి, బాట పక్కన నిలబడి కేకలు వేస్తున్నాడు. రివర్సుకి ఉన్నది ఒక్కటే గేరు. డెల్బర్ట్ బండి అరవగలిగినంత అరుస్తూ, చూడి ఆవులా నడుస్తోంది. వంద అడుగులు. రెండువందలు. కొసకి ఇరవై అడుగుల ముందు, అందరి బండ్లూ తవ్విన గుంటలో వెనక చక్రాలు దిగడం మొదలైంది.

"తొక్కు బావా! తొక్కు!" అని అరిచాడు హొయ్ట్.

డెల్బర్ట్ తొక్కలేదు. కాలు మెల్లిగా ఎత్తాడు. డ్రైవరు రాని మంచు పొద్దుల్లో, నిండా పిల్లలున్న బస్సుని వాలు ఎక్కించినట్టు, ఇంజను ఊపిరి వింటూ, చక్రం జారనంత మాత్రమే ఇచ్చాడు. బండి ఆగినట్టే ఆగి, ఆలోచించి, గుంట గట్టు పట్టుకుని, పాక్కుంటూ గీత దాటింది. ముప్పై ఎనిమిది సెకన్లు. ఆ జాతరలో అంత నెమ్మదైన పరుగు ఎవరూ చూడలేదు. అందుకే కాబోలు, అందరూ లేచి నిలబడి చూశారు.

సోమవారం ఇనుం కొట్టుకి ఏదీ పోలేదు. ఆదివారం గుడి నుంచి రాగానే, ఎవరూ అడక్కుండానే, డెల్బర్ట్ కొట్టం పక్కన మేకలకి వేరే పాక మొదలెట్టాడు. చెక్కలు హొయ్ట్‌వి. మేకులు పట్టుకున్నది నోరీన్. సెప్టెంబరు వచ్చింది, బండి ఇరుసు ఇంకా తలకిందులుగానే ఉంది. "ముందు మేకల పాక కప్పు పూర్తికానీ" అంటున్నాడు డెల్బర్ట్.