ట్యాంకులో సరుగుడు పుల్ల

మొన్న మీరు ఫోన్లో కొత్త కారు చూపించి, ఇంకా ఎంత దూరం పోతుందో తెర మీద అదే చెప్తుంది జేజీ అన్నప్పుడు, నాకు మీ తాతయ్య పాత జీపూ, దాని సీటు కింద పడి ఉండే సరుగుడు పుల్లా గుర్తొచ్చాయి.

అది రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన బండి. అరవైల్లో, దొరవారిసత్రం దగ్గర మా పల్లెకి వచ్చేసరికే దాని పెట్రోలు ముల్లు చచ్చిపోయి ఉంది. ట్యాంకు నిండా పోసినా సున్నా మీదే పడుకునేది. ట్యాంకేమో డ్రైవరు సీటు కిందే. అందుకని ఎక్కడికి బయల్దేరినా సీటెత్తి, మూత తీసి, పుల్ల ముంచి, ఎంత మేర తడిసిందో చూడడం మా అత్తమ్మ పని. ఆమె చూసి తలూపితేగాని బండి కదిలేది కాదు.

నా ఆడబిడ్డకు తొలి కాన్పు ఇంట్లోనే అయి, బిడ్డ దక్కలేదు. రెండోసారి నెలలు నిండుతుంటే, ఈసారి నెల్లూరు ఆసుపత్రికే తీసుకుపోవాలని, దారిలో బండి ఆగే మాటే ఉండకూడదని మీ తాతయ్య పట్టుబట్టి, నాయుడుపేట మెకానిక్కు చేత కొత్త ముల్లూ, వల బెండులాగా పెట్రోలు మీద తేలుతూ ఆ ముల్లును లేపే డబ్బీ వేయించుకొచ్చారు. పెట్రోలు పోసేకొద్దీ ముల్లు లేస్తుంటే చిన్నపిల్లాడిలా ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించి, ఇక ఆ పుల్ల పొయ్యిలో పెట్టుకోమన్నారు.

"ముల్లు చెప్తే నమ్మేదానికి నేనేమన్నా నీ పెళ్ళాన్నా? పుల్ల తడిస్తేనే నాకు నిజం" అని మా అత్తమ్మ పుల్ల తీసుకుని లోపలికి పోయింది. నాకూ నవ్వొచ్చింది.

నొప్పులు మొదలైన రోజు పొద్దున ఇంజను వేసి చూస్తే ముల్లు సగానికి పైనే ఉంది. ఆయన లోపలికొచ్చి చెల్లెల్ని నడిపించుకెళ్ళి కూర్చోబెట్టారు, బయల్దేరాం. ఊరు దాటి కొంత దూరం పోయాక చూస్తే ముల్లు సున్నా మీద ఉంది. పెట్రోలు దొరికేది నాయుడుపేటలోనే, అదింకా దూరం. ఆయన బండి నిదానం చేస్తుంటే నా ఆడబిడ్డ నా చెయ్యి నలిపేస్తూ "అన్నా, ఆపబాక!" అని ఏడ్చింది. ఆపక తప్పలేదు.

అప్పుడు మా అత్తమ్మ దుప్పటి మూటలోంచి పుల్ల బయటికి తీసింది. "సీటెత్తు నాయనా" అంది, మెల్లగా. ముంచి తీస్తే సగం దాకా తడి.

"ఉండాది. నువ్వు పోనీ."

మీరు నెల్లూరత్త అని పిలిచే ఆమే, ఆ సాయంత్రం ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ.

తర్వాత మెకానిక్కు విప్పి చూస్తే, తేలే డబ్బీని పట్టుకునే సన్నని తీగ వంగి అడుగుకు అతుక్కుపోయి ఉంది. ఆ పొద్దున ఆయన చెల్లెలి కోసం లోపలికొచ్చినప్పుడు, మా అత్తమ్మ చాటుగా పుల్ల ముంచి అదిమిందట. ఆయన తీగ సరిచేయించి, అప్పట్నుంచీ బయల్దేరే ముందు తనే సీటెత్తి, తీగకు తగలకుండా పక్కగా ముంచమని పుల్ల ఆమె చేతికిచ్చేవారు.

ఇప్పుడు మీ బండ్లు అన్నీ వాటంతటవే చెప్తాయి, మంచిదే. ఒకరు చూసి తలూపేదాకా ఆగే పని లేదు. అయినా మీరు ఊరికి బయల్దేరుతున్నామన్నప్పుడల్లా పెట్రోలు చూసుకున్నారా అని నేనడగడం, తెర మీద ఉంది జేజీ అని మీరు నవ్వడం. ఉందని నాకూ తెలుసమ్మా. ఇంత దూరం నుంచి పుల్ల ముంచలేను గదా, అందుకని అడుగుతుంటాను.