అత్తమ్మ పసుపు, మరిది మిషను

మొన్న మా అమ్మాయి దుపట్టా మీద పూలు అచ్చు వేయించుకుంటానంటే మలక్‌పేటలో ఒక దుకాణానికి తోడు వెళ్లాను. అక్కడతను ప్లాస్టిక్ కవరు చించి, తెల్లబట్ట తానును నేరుగా మిషనుకెక్కించాడు. ముందు బట్టకు ఏమీ పట్టించవా నాయనా అని అడిగితే, అన్నీ పట్టించుకొనే వస్తుందమ్మా అన్నాడు. ఆ మాటతో నా మనసు పాతబస్తీలోని మా ఇంటి మేడమీదికి వెళ్లిపోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మా మరిది, కంప్యూటర్లో బొమ్మ పెడితే బట్టమీద రంగు చిమ్మే మిషను తెచ్చి ముందుగదిలో పెట్టాడు. మిషను ఆయనది, దానికి బట్టను సిద్ధం చేసే పని నాదీ మా తోడికోడలిదీ. చూసేవాళ్లకు అంతా మిషనే చేస్తున్నట్టుండేది గానీ, బట్ట ఒప్పుకోకపోతే సిరా మాత్రం ఏం చేస్తుంది? మిల్లు గంజి పోయేదాకా ఉడకబెట్టి ఉతకాలి, ఆరాక సోడా, యూరియా, సముద్రపు నాచుతో చేసిన జిగురు కలిపిన నీళ్లలో ముంచి, సమంగా పిండి, ఆరేసి, ముడత లేకుండా ఇస్త్రీ చేయాలి. జిగురుంటే గీత పాకదు, సోడా ఉంటే రంగు బట్టను పట్టుకుంటుంది. లేదంటే అచ్చు వేసి, ఆవిరి పట్టి ఉతకగానే పూలన్నీ నీళ్లపాలే.

మా అత్తమ్మకు ఇవేవీ పట్టవు. ఇంట్లోకి కొత్తబట్ట వస్తే మూలన పసుపు పెట్టాల్సిందే. మొదటిసారి జిగురు పట్టించిన తాను మీద తడిపసుపు అద్దేసరికి అది పారాణిలా ఎర్రబడింది.

"ఏందే, దీంట్ల సున్నం గిట్ల కలిపిన్రా?" అని ఆమె, "అమ్మా, నీ పసుపుతోని నా గిరాకి పోతది!" అని మరిది, ఇల్లంతా లొల్లి. సోడా వల్ల అలా మారుతుందని తర్వాత తెలిసింది. అయినా ఆమె పెట్టడం మానలేదు, ఆయన ఆ మూల కత్తిరించడం మానలేదు.

ఒకసారి బార్కస్ బస్తీ నుంచి ఒక భాయ్, చెల్లెలి పెళ్లి దుపట్టా కోసం పలుచని తెల్ల నూలుబట్ట తెచ్చాడు. పోయిన తల్లి సందూకు పెట్టెలో దాచిపెట్టినదట. మళ్లీ దొరికేది కాదు, జర పైలం అని, భద్రంగా చూడమని మరీమరీ చెప్పి వెళ్లాడు. ఉతికి ఆరేశాం. కాసేపటికి మేడమీద పని సాగుతుండగానే వాన పట్టుకుంది. అన్ని బట్టలూ గబగబా కిందికి తెచ్చి, ఇస్త్రీ చేసి మడతపెట్టాం. తీరా మరిది ఆ బట్టను మిషను మీద పరుస్తుండగా తోడికోడలు నా చెవిలో, "అక్కా, దీన్ని జిగురునీళ్లల్ల నువ్వే ముంచినవ్ గదా?" అంది.

"నేనెక్కడ? నువ్వు ముంచినవనుకున్న!"

ఇద్దరం వెళ్లి బట్టను తడిమి చూశాం. వానగాలికి బట్టలన్నీ మెత్తబడి, తడిమితే తేడా తెలియడం లేదు. ముంచనిదైతే రంగు నిలవదు, ముంచినదాన్నే మళ్లీ ముంచితే మరకలు తేలుతాయి. ఉతికి మొదటినుంచి చేద్దామంటే పాతబట్ట, ఎన్ని ఉతుకులకు ఆగుతుందో ఎవరికెరుక?

ఇంతలో అత్తమ్మ పసుపుగిన్నెతో వచ్చింది. ఇది పాతదమ్మా అని మరిది అడ్డుపడబోతే, "కట్టనిది కొత్తదే పో" అని మూలన అద్దింది. మేం వంగి చూశాం. పసుపు పసుపుగానే ఉంది.

"ముంచలే!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం. అత్తమ్మ బిత్తరపోయింది.

అప్పటికప్పుడు జిగురునీళ్లలో ముంచాం. ముంచగానే ఆ చుక్క ఎర్రబడింది. ఫ్యాను కింద ఆరబెట్టి, అచ్చు వేసి, ఆవిరి పట్టి, మరిది ఉతుకుతుంటే మేం బకెట్లో నీళ్లకేసే చూస్తూ నిలబడ్డాం. మొదట కాస్త రంగు వదిలి, తర్వాత నీళ్లు తేటపడ్డాయి. పూలు అలాగే నిలిచాయి.

భాయ్ వచ్చిననాడు మూలన లేతగా మిగిలిన మచ్చ చూసి మరిది కత్తెర తీయబోతే, భాయ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీ భయ్యా, షాదీ బట్టకు హల్దీ ఉండాలె గదా. మా అమ్మీ బట్ట, ఇంచు గూడ కోయకు."

ఇప్పుడు కంపెనీలో పట్టించే జిగురు మా చేతులతో పట్టించినదానికంటే సమంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ దుకాణాల్లో వాళ్ల తానులోంచి కోసిన బట్టమీదే అచ్చు వేస్తారట, ఇంటినుంచి తెచ్చింది తీసుకోరట. ఏ తల్లి సందూకులోనో తెల్లబట్ట ఒకటి ఇంకా మిగిలి ఉంటే, దాన్ని ఎవరి చేతిలో పెట్టి పైలం అని చెప్పుకోవాలో మరి.