పరశురాములు ఫోన్‌కు పెట్టిన గేటు

మా ఊళ్లో ముప్పై ఏళ్లు పోస్టాఫీసు నడిపినవాణ్ణి నేను. గల్ఫ్ నుంచి వచ్చిన ఉత్తరాలు విప్పి, చదువురాని వాళ్లకు చదివి వినిపించి, జవాబులు కూడా రాసి పంపేవాణ్ణి. ఏ కోడలు ఏ అత్త మీద ఏం రాయించిందో ఊరందరికన్నా ముందు నాకే తెలిసేది. అన్నీ కడుపులోనే దాచుకున్నాను. ఒకటి రెండు బయటపెట్టాను, కాదనను. ఇది మొదటే ఎందుకు చెబుతున్నానంటే, పరశురాములును చూసి నేను నవ్వుతుంటే ‘నువ్వేమన్నా తక్కువా’ అని మీరు అడగొద్దని.

పరశురాములుది మా వాడకట్టే. నన్ను కాకా అంటాడు. షార్జాలో ఒక లేబర్ క్యాంపు గేటు దగ్గర పందొమ్మిదేళ్లు కాపలా కాసి, మూడేళ్ల కింద తిరిగొచ్చి రెండెకరాల్లో వరి వేస్తున్నాడు. మనిషితోపాటు గేటు కూడా వచ్చింది. వాళ్లింటికి ఎవరు వెళ్లినా అరుగు మీద కాలు పెట్టకముందే ఎవరు, ఏం పని, ఎంతసేపు అని ఆరా తీస్తాడు. గ్యాస్ బండ తెచ్చినవాడి పేరూ, బండి నంబరూ నోటుబుక్కులో రాసుకుంటాడు. ఒకసారి నా పేరు కూడా ఎక్కించాడు. వచ్చిన పని అన్న చోట ‘ముచ్చట’ అని రాశాడు.

పోయిన వానాకాలం ఈ మనిషి సుల్తానాబాద్‌లో కొండల్ దుకాణానికి పోయి కొత్త ఫోన్ కొన్నాడు. కొత్త ఫోన్‌లో గూగుల్ ఖాతా ఒకటి వేయాలి కదా. మా దిక్కు రైతులకు ఖాతా అంటే బ్యాంకుది. పాస్‌వర్డ్ పెట్టుకుంటే రెండోనాటికి మరచిపోయి మళ్లీ దుకాణానికే వస్తారు. ఆ తలనొప్పి పడలేక కొండల్ ఒక సులువు కనిపెట్టాడు. అడిగినవాడికీ అడగనివాడికీ తన ఖాతానే వేసి ఇచ్చేవాడు. మోసం కాదు, పని తొందరగా తెములుతుందని. మా ఊళ్లోనే ఇరవై పైచిలుకు ఫోన్లు కొండల్ ఖాతా మీద నడుస్తున్నాయి. "నీకు ఖాతా ఉన్నదా అన్నా" అని కొండల్ అడిగితే పరశురాములు లేదన్నాడు. నిజానికి షార్జాలో చేసుకున్నది ఒకటి ఉంది. ఎందుకు దాచాడో తర్వాత చెబుతాను.

ఇరవై ఇళ్లకు ఒకే పెట్టె, అందరి చేతిలోనూ తాళంచెవి. ఎవరు ఫొటో తీసినా ఆ పెట్టెలో పడుతుంది. పరశురాములుకు నడినెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి. కరీంనగర్ నుంచి ఏదో నూనె తెప్పించుకుని రోజూ పొద్దున రుద్దుకునేవాడు. పని చేస్తుందో లేదో చూసుకోవడానికి చెయ్యి వెనక్కి తిప్పి రోజుకొక ఫొటో తీసేవాడు. అట్లా నలభై ఒక్క రోజులు తీశాడు.

నలభై రెండో రోజు టీ హోటల్‌లో గ్లాసు అందిస్తూ అంబదాస్ మెల్లగా అన్నాడు. "పరశురాములన్నా, ఎడమ దిక్కు జర మొలుస్తున్నయ్. కుడి దిక్కు ఇంకింత రుద్దాలె."

హోటల్‌లో ఉన్న ఏడుగురూ టీ గ్లాసుల్లోకి చూశారు. నేను కూడా చూశాను. నా ఫోన్ కూడా కొండల్ దగ్గర కొన్నదే.

పరశురాములు మొహం కందిపోయింది. "పక్కోని ఫోన్ల కన్ను పెట్టినోడు ఇంట్ల జొర్రిన దొంగ తీర్గ" అని ఒక్కొక్కరి మొహం చూస్తూ అన్నాడు. టీ తాగకుండానే లేచి పోయాడు.

ఆయన భార్య మంజుల మాటల్లో ఆయన కన్నా రెండాకులు ఎక్కువే చదివింది. మర్నాడు ఆయన్ను వెంటబెట్టుకుని, సాక్ష్యానికి నన్ను కూడా లాక్కుని కొండల్ దుకాణానికి నడిచింది. కొండల్ పాపం, నిజంగానే సిగ్గుపడ్డాడు. తప్పయిందన్నాడు. మాఫీ కింద ఒక ఉపాయం కూడా చెప్పాడు. "రూట్ చేసిస్త అన్నా. గప్పుడు ఫోన్ మొత్తం నీ చేతులనే ఉంటది. కంపెనోడు గూడ ఏం చెయ్యలేడు."

"బ్యాంకు యాప్ నడుస్తదా?" అని అడిగాడు పరశురాములు.

"నడుస్తదని చెప్పలేను. వారంటీ గూడ పోతది."

"ఇల్లు నాదని గోడలు కూలగొట్టుకుంటనా? తలుపులకు గడియలు పెట్టుకుంటె సాలు."

బాగా చెప్పాడని నేను తలూపుతుంటే మంజుల అందుకుంది. "గడియల సంగతి తర్వాత. అడగకుంట ఎదుటోళ్ల సంగతులు చూసినోడు ఎవడైన సరే, వాని చేతి మంచినీళ్లు గూడ ముట్ట నేను. ఇజ్జత్ లేని పని అది."

పరశురాములు మొహం తెల్లబోయింది. నెత్తి ఫొటోలు గుర్తొచ్చి అవమానపడ్డాడేమో అనుకున్నాను.

ఆ శనివారం కూతురు దీపిక కరీంనగర్ నుంచి వచ్చింది. డిగ్రీ చదువుతోంది, ల్యాప్‌టాప్ ఉంది. ముందు తండ్రికి కొత్త ఖాతా చేసి, కొండల్ ఖాతాను ఫోన్‌లోంచి తీసేసింది. తర్వాత సెట్టింగుల్లో అనుమతుల పట్టిక తెరిచి చూపించింది. అది చూడగానే పరశురాములుకు షార్జా గేటు దగ్గర మళ్లీ కుర్చీ వేసినట్టయింది. ఏ యాప్ కెమెరా అడుగుతోంది, ఏది మైకు అడుగుతోంది, ఏది మనం ఎక్కడున్నామో తెలుసుకుంటోంది, అన్నీ వరుసగా ఉన్నాయి.

"నువ్వు బత్తివి. నీకు మా సుట్టాల నంబర్లు ఎందుకుర?" అని టార్చిలైటు యాప్‌ను నిలదీసి పీకేశాడు. పంచాంగం యాప్ మైకు ఎందుకు అడిగిందో ఎంత ఆలోచించినా తేలలేదు. దానికీ గడియ వేశాడు. ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్న మాట ఆయనకు మహా నచ్చింది. "గిది విజిటర్ పాస్" అని నాకు వివరించాడు. పీకడానికి వీలు లేకుండా కంపెనీ ముందే వేసి పంపిన యాప్‌లు పద్నాలుగు ఉన్నాయి. దీపిక ఫోన్‌కు వైరు తగిలించి, ల్యాప్‌టాప్‌లో ఏవో అక్షరాలు కొట్టి వాటినీ సాగనంపింది. రూట్ అవసరమే పడలేదు. ప్రైవేట్ డీఎన్‌ఎస్ అన్న గడిలో ఒక పేరు రాసేసరికి ప్రకటనలు చాలావరకు ఆగిపోయాయి. వాటితోపాటు ధాన్యం అమ్మే వంతుకు ఇచ్చే టోకెన్ చూసుకునే పేజీ కూడా ఆగిపోయింది. అది మళ్లీ తెరుచుకోవడానికి ఒక పూట పట్టింది.

వారం రోజులు ఊరికి మనశ్శాంతి లేదు. ఎవరి ఫోన్ దొరికితే వాళ్లది లాక్కుని గడియలు వేశాడు. తన ఫోన్‌కు మైకు కట్టేసిన సంగతి మరచిపోయి మందమర్రిలో ఉన్న బావమరిదితో పావుగంట వీడియోలో మాట్లాడాడు. అవతలి మనిషికి ఒక్క ముక్క వినిపించలేదు. బావతో ఇంత హాయిగా ఎన్నడూ మాట్లాడలేదని ఆ బావమరిది తర్వాత నాకు చెప్పాడు.

వచ్చే ఆదివారం అమ్మ ఫోన్‌కు కూడా గడియలు వేద్దామని దీపిక పోతూ పోతూ అన్నదట. అది తలచుకుని శుక్రవారం మధ్యాహ్నం పరశురాములు మా ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

"కాకా, నేను గూడ కొండల్‌గాని లెక్కనే" అన్నాడు.

సంగతి ఇది. ఏడేళ్ల కింద షార్జా నుంచి ఊరికొస్తున్న ఒకాయన చేతికి ఇచ్చి మంజులకు ఫోన్ పంపాడు. పంపేముందు అందులో తన ఖాతానే వేశాడు. పోయిన ఫోన్ ఎక్కడుందో వెతికే యాప్ ఉంటుంది కదా. అది తెరిస్తే ఆ ఖాతా ఉన్న ఫోన్లన్నీ కనిపిస్తాయి. మంజుల ఫోన్ ఎక్కడుంటే అక్కడ ఒక చుక్క. తనకు ఖాతా లేదని కొండల్‌తో బొంకింది కూడా అందుకే, ఆ చుక్క బయటపడుతుందని.

"అనుమానమా?" అని సూటిగానే అడిగాను.

"ఒట్టు కాకా, అనుమానం కాదు. రూంల ఎనిమిది మందిమి. ఫోన్ల ఏం మాట్లాడినా అందరికి ఇనవడేది. గందుకే ఎక్కువ మాట్లాడకపోయేది. డ్యూటీ దిగినంక గా సుక్క చూసేది. ఇంట్ల ఉంటె ఇంట్ల, పొలం కాడుంటె పొలం కాడ. గది చూస్తె నేను గూడ ఊళ్లె ఉన్నట్టుండేది."

చెప్పులు విడిచి కూర్చొమ్మన్నాను. అయినా అడగాల్సింది అడిగాను. "మరి తిరిగొచ్చినంక?"

"చూసిన. పాత ఫోన్ దగ్గర్నే పెట్టుకున్న, అలవాటు పోలే. వంటింట్ల ఉంటె గూడ చూసిన."

మంజుల మాట అంటే మాటే. చిన్న అత్తతో పదకొండేళ్లు మాట్లాడని మనిషి. ఆమె ముందు తల ఎత్తుకోలేనేమోనని ఈయన పరేషాన్. నా బుద్ధి చెప్పిన సలహా నేనిచ్చాను. ఆమె స్నానానికి పోయినప్పుడు చప్పుడు చేయకుండా ఖాతా తీసెయ్యమన్నాను. అట్లా తీసేస్తే ఆమె దాచుకున్న నంబర్లన్నీ దాంతోపాటే పోతాయట. అయినా ఆయనకు అడ్డమొచ్చింది నంబర్లు కాదు.

"చెప్పకుంట పెట్టిన. చెప్పకుంట తీస్తె ఇంకో దొంగతనమైతది" అన్నాడు. ముప్పై ఏళ్లు పోస్టాఫీసు నడిపిన నాకు తోచని మాట అది. నన్ను తిట్టినట్టే అనిపించి కోపం కూడా వచ్చింది.

ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి వాళ్ల వాకిట్లో మంజుల చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతోంది. దీపిక ల్యాప్‌టాప్ తెరిచి తల్లి ఫోన్ అడిగింది. పరశురాములు నిలబడే చెప్పేశాడు. ఖాతా, యాప్, చుక్క, రూంలో ఎనిమిది మంది, వంటిల్లు, ఏదీ దాచలేదు. చెప్పేటప్పుడు చేతులు కట్టుకుని ఉన్నాడు.

మంజుల పప్పులోంచి తల ఎత్తలేదు. "నాకు ఎర్కే" అంది.

ఆయన కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"ఎట్ల ఎర్క?" అన్నాడు.

"ఫోన్ వచ్చిన కొత్తలనే ఓపారి నేను పెద్దపల్లి దవాఖానకు పోయిన. నేను చెప్పకముందే ‘దవాఖానకు ఎందుకు పోయినవ్’ అని షార్జా నుంచి నువ్వే అడిగినవ్. అప్పుడే సమజైంది. గప్పటి సంది, నువ్వు చూడాలె అనుకున్న రోజు ఫోన్ కొంగున కట్టుకొని పోయేది. వద్దనుకున్న రోజు అటుక మీద పెట్టి పోయేది."

ఊరి ఫోన్లన్నింటికీ గడియలు వేసిన మనిషి నోరు తెరిచాడు. ఏం అడగబోతున్నాడో మా ముగ్గురికీ తెలుసు. ఆయన నోరు మూసుకున్నాడు.

"కోపం లేదా?" అని మాత్రం అడిగాడు.

"ఎందుకు లేదు? ఉన్నది. నువ్వు ఎన్నడు చెప్తవా అని ఏడేండ్ల సంది చూస్తున్న. ఇయ్యాల చెప్పినవ్. కోపం జర తగ్గింది, మొత్తం పోలే."

దీపిక నంబర్లన్నీ ఒక ఫైల్‌లో భద్రం చేసి, తల్లి పేరుతో కొత్త ఖాతా తెరిచింది. పాస్‌వర్డ్ కొట్టమని ఫోన్ చేతికిచ్చింది. మంజుల చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టసాగింది. పరశురాములు ఎవరూ చెప్పకుండానే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను మాత్రం కొంచెం వంగి చూడబోయాను. దీపిక ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

తర్వాత ఆమె ఫోన్‌లోంచి పాత ఖాతా తీసేశారు. ఆయన తన పాత ఫోన్‌లో ఆ వెతికే యాప్ తెరిచి చూసుకున్నాడు. అందులో ఆయన ఫోన్ ఒక్కటే మిగిలింది.

"ఇగ నేను యాడున్ననో నీకెట్ల తెలుస్తది?" అని అడిగింది మంజుల.

"ఫోన్ చేస్త."

"ఎత్తకపోతె?"

పరశురాములు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఏదో పనిల ఉన్నవనుకుంట" అన్నాడు.